తల్లికి కూతురు చెల్లించిన కృతజ్ఞత

(పులికాట్ సరస్సు తీరమున జరిగిన స్త్రీల మైత్రి కూడికలో చేసిన ప్రసంగము)



మన అధ్యక్ష మండలమునకు నూరేండ్లు నిండిన ఈ సంవత్సరములో ఎందరికో కృతజ్ఞతలు చెప్పుచున్నాము. దైవజనులను, ఉపాధ్యాయులను, గుడికి స్థలమిచ్చిన వారిని పేరు పేరున జ్ఞాపకము చేసికొనుచున్నాము. అది న్యాయమే. అయితే తల్లుల పేర్లు మన పట్టికలకు ఎక్కకుండ తప్పిపోవుచున్నవి. ఆ తప్పు మొదట నాదేనని ఒప్పుకొని మాట మొదలుపెట్టుచున్నాను.

ఈ తీరములోనే ఒక అమ్మాయి నర్సు చదువు ముగించి, ఉద్యోగము దొరికినప్పుడు కృతజ్ఞత కూడిక పెట్టించినది. కార్యక్రమము వ్రాసినది నేను. సంఘ పెద్దలకు, హెడ్మాస్టరుగారికి, నాకు ముందు వరుసలో కుర్చీలు వేయించితిని. ఆమె తల్లి పందిరి వెలుపల, వంట గిన్నెల దగ్గర ఇసుకలో కూర్చుండినది. ఆమె బాప్తిస్మము పొందలేదు గనుక వేదికమీద ఆమెకేమి పని అనుకొంటిని. సాక్ష్యము చెప్పుటకు లేచిన అమ్మాయి ముందుకు రాక, నేరుగా వెలుపలికి వెళ్లి, తల్లి చెయ్యి పట్టుకొని తీసికొని వచ్చినది. “నా ఫీజు రొయ్యల గంపలో నుండి వచ్చినది. ఆ గంప మోసిన తల ఇదిగో. మా అమ్మను నాకిచ్చిన దేవుని స్తుతించండి” అని మాత్రమే చెప్పినది. నేను సిద్ధపరచుకొన్న ప్రసంగము ఆ దినము నా సంచిలోనే ఉండిపోయినది.

ఆ రాత్రి నాకు పండిత రమాబాయిగారు జ్ఞాపకము వచ్చిరి. వేదాంత కళాశాలలో ఆమె జీవితము చదివియుంటిని గాని, అప్పుడు ఆమె తల్లిని గమనింపలేదు.

రమాబాయిగారు 1858లో పడమటి కనుమల అడవిలో పుట్టిరి. తండ్రి అనంత శాస్త్రిగారు సంస్కృత పండితులు. స్త్రీలకు సంస్కృతము తగదని తోటి పండితులు ఆక్షేపించినను, ఆయన తన భార్య లక్ష్మీబాయికి నేర్పిరి. ఆ లక్ష్మీబాయి తాను నేర్చినది కూతురికి నేర్పినది. పగలంతా ఇంటి పనితో తీరిక ఉండదు. అందుచేత తెల్లవారకముందే, పక్షులు కూయు వేళకు బిడ్డను నిద్రలేపి, పుస్తకము లేకుండ నోటితోనే శ్లోకములు చెప్పి వల్లె వేయించెడిది. తెల్లవారుజామున పులికాట్ నీటిలోనికి పడవలు పోవు వేళకే లేచు మీకు ఆ వేళ ఎటువంటిదో నేను చెప్పనక్కరలేదు.

ఆ కుటుంబము పురాణము చెప్పుకొనుచు పుణ్యక్షేత్రములు తిరిగెడిది. ఇంతలో గొప్ప కరువు వచ్చినది. మనకు దగ్గరనున్న తిరుపతి కొండ అడవిలో వారు పదకొండు దినములు ఆకులు నమలి, నీళ్లు త్రాగి గడిపిరి. ఆ ప్రాంతముననే తండ్రి కన్నుమూసెను. మిగిలినవారు నడిచి నడిచి రాయచూరు చేరిరి. అక్కడ తల్లి ఆకలితోను జ్వరముతోను పడిపోయినది. ఎన్నడును చెయ్యి చాపి ఎరుగని రమాబాయి ఒక ఇంటికి వెళ్లి, నోట మాట రాక ఏడ్చుచు నిలువబడగా, ఆ ఇల్లాలు సజ్జ రొట్టె ఇచ్చినది. తెచ్చిన రొట్టెను తల్లి తినలేకపోయినది. ఆమె చనిపోయినప్పుడు పాడె మోయుటకు నలుగురు కావలసి, రమాబాయియే ఒక కొమ్ము పట్టవలసి వచ్చినది. పొట్టి మనిషి గనుక భుజము అందక తలమీద పెట్టుకొని మోసినదట!

తరువాత సంగతి మీరెరిగినదే. 1883లో ఇంగ్లండులో ఆమె బాప్తిస్మము పొందిరి. 1887లో అమెరికాలో మన దేశపు స్త్రీల కష్టములనుగూర్చి ఇంగ్లీషులో ఒక పుస్తకము ప్రకటించిరి. దానిని ఎవరికి అంకితము చేసిరి? రాణికి కాదు, సహాయము చేసిన దొరసానులకు కాదు, తన తల్లి లక్ష్మీబాయికి. తల్లి ప్రభావము, ఆమె నేర్పిన విద్య తన బ్రతుకునకు వెలుగై నడిపించినవని వ్రాసిరి. ఆ తల్లి క్రీస్తును ఎరుగదు. అయినను క్రీస్తును ఎరిగిన కూతురు ఆమెను దాచలేదు.

ఇందులో నాకు బుద్ధి వచ్చినది. లోయి, యునీకేల విశ్వాసమును పౌలు పేరు పెట్టి మెచ్చుకొన్నాడని మనము తరచుగా బోధింతుము. విశ్వాసులైన తల్లులను గౌరవించుట సులభమే. మన సంఘములలో చాలమంది తల్లులు ఇంకను గుడి గడప తొక్కలేదు. వారి గంపల రూకలతో చదివిన పిల్లలు మన బల్లలమీద కూర్చున్నారు. తల్లిదండ్రులను సన్మానింపుమన్న ఆజ్ఞలో, బాప్తిస్మము పొందినవారిని మాత్రమే అను మాట లేదు. పెండ్లిండ్లలో తల్లి చీరకు చేపల వాసన వచ్చునని వెనుక కూర్చుండబెట్టిన కూతుళ్లను చూచితిని. వారిని నిందింపను, వారికి ఆ దారి చూపినది నా కుర్చీల వరుసయే.

రెండవ సంగతి. రమాబాయిగారు ఆ మాట వ్రాయునప్పటికి తల్లి లేదు, చదివి సంతోషింపలేదు. ఆ ఋణమును వేరొక విధముగా తీర్చిరి. 1896–97 కరువులో ఆకలిగొన్న వందలాది ఆడపిల్లలను కేడ్గావ్‌కు తెచ్చి వారికి తల్లి అయిరి. మనకు ఆ చింత ఎందుకు? మీ తల్లులు ఇంకను బ్రతికి, ఈ తీరములోనే వలలు విదిలించుచున్నారు గదా.

కాబట్టి కుమార్తెలారా, ఈ శతవార్షికోత్సవములో ఒక్క పని చేయుడి. ఇంటికి వెళ్లి మీ అమ్మ ఎదుట కూర్చుండి, ఆమె మీకేమి ఇచ్చినదో ఆమె చెవిని పడునట్లు చెప్పుడి. “ఈ పిల్లకేమైనది?” అని ఆమె నవ్వవచ్చును. నవ్వనీయుడి. వచ్చే కృతజ్ఞత కూడికకు ఆమెను తోడుకొని రండి. ముందు వరుసలో కుర్చీ నేనే వేసెదను.

ప్రభువు మీ తల్లులను, మిమ్మును దీవించును గాక. ఆమేన్.