నానీ ముక్కు
(వార్షిక సభలో పిల్లలకు చేసిన ప్రసంగం)

"వీడిది అచ్చం నానీ ముక్కే" అని ఇంట్లో అంటుంటారు కదా. ఆ ముక్కు మీదాకా ఎలా వచ్చింది? మన శరీర కణాలలో డి.ఎన్.ఏ. అనే సన్నని దారం వుంటుంది. అది మెలి తిరిగిన నిచ్చెనలా వుంటుందని 1953లో వాట్సన్, క్రిక్ చెప్పారు. ఆ దారం 46 ముక్కలుగా వుంటుంది. అమ్మీ నుంచి 23, అబ్బా నుంచి 23. అంటే దాదాపు ప్రతి సంగతికీ మన దగ్గర రెండు నకళ్లు వున్నట్టు. ఒక నకలులో తప్పున్నా చాలాసార్లు రెండోది పని నడిపిస్తుంది.

"మరి మా అన్నకు నానీ ముక్కు రాలేదేం?" అని ఇందాక ఒక పాప అడిగింది. భేష్! అమ్మీ తన రెండు నకళ్లలో ఒకటే ఇస్తుంది. నీకు ఒకటి, అన్నకు ఇంకొకటి వచ్చి వుండొచ్చు.

ఇక పెద్దలు వినండి. తలసీమియా ఇలాంటి తప్పువల్లే వస్తుంది. ఒక్క నకలులో తప్పున్నవారు మామూలుగానే తిరుగుతుంటారు. అలాంటి ఇద్దరికి నికా అయితే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. జబ్బు తీవ్రమైతే బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. మామూ, ఖాలా పిల్లల సంబంధాలు షరీఅత్‌లో జాయిజే. కాని ఇద్దరూ ఒకే తాత మనుమలు గనుక, అదే తప్పు ఇద్దరిలోనూ వుండే అవకాశం ఎక్కువ. రక్తపరీక్షతో తెలుస్తుంది, నికాకు ముందే చేయించండి. జబ్బు బిడ్డ పుట్టాక కోడలినొక్కదాన్నే ఆడిపోసుకోకండి. రెండు నకళ్లలో ఒకటి మీ అబ్బాయి ఇచ్చిందే.