పాత కంప్యూటర్ పారేయాలా?



ఒక ఇల్లు అనుకోండి. తల్లి మిషన్ కుడుతుంది. కూతురు ఇంటర్ చదువుతోంది. ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉంది. ఎవరో అమ్ముతుంటే చవగ్గా కొన్నారు. కూతురు దాంట్లో పాఠాలు చూస్తుంది. తల్లి జాకెట్ డిజైన్లు చూస్తుంది. పొదుపు సంఘం లెక్కలు కూడా దాంట్లోనే ఉన్నాయి.

ఒకరోజు తెర మీద నోటీసు వచ్చింది. కూతురు చదివింది.

"అమ్మా, ఇందులో ఉన్న విండోస్‌కి కాలం చెల్లిందంట."

షాపులో అడిగారు. "ఇది పనికిరాదు, కొత్తది కొనండి" అన్నారు. తల్లికి దిగులు పట్టుకుంది. కొత్తది కొనాలంటే సంఘంలో అప్పు తీయాలి. ఆ అప్పుతో మిషన్‌కి మోటారు పెట్టించుకోవాలని ఆమె ఆశ.

నిజంగా కొనాల్సిందేనా?

చెరువు నిండా నీళ్లుంటాయి. కింద మడులుంటాయి. ఏ మడికి ఎంత నీరు వదలాలో చూసేవాడు నీరటి. కంప్యూటర్‌లో నీరటి పని చేసేది ఆపరేటింగ్ సిస్టం. విండోస్ అలాంటిదే. నీరటి మారితే చెరువు మారదు కదా! కంప్యూటర్ అదే ఉంచి, దీన్ని మార్చుకోవచ్చు.

విండోస్ అమెరికాలోని మైక్రోసాఫ్ట్ కంపెనీది. అందులో విండోస్ 10 అనేది 2015లో వచ్చింది. 2025 అక్టోబరు 14తో కంపెనీ దానికి మామూలు మరమ్మతులు ఆపేసింది. కంప్యూటర్ ఆగిపోదు. కానీ కంతలు పూడ్చకపోతే దొంగలు దూరతారు. బ్యాంకు పని చేసుకునే ఇంటికి అది మంచిది కాదు. కొత్తదైన విండోస్ 11కి టి.పి.ఎం. అనే భద్రతా ఏర్పాటు కావాలి. పాత వాటిల్లో చాలావాటికి సరిపడా అది ఉండదు. షాపువాళ్లు చెప్పింది ఇంతవరకు నిజమే.

వాళ్లు చెప్పనిది ఒకటుంది. దాని పేరు లినక్స్. 1991లో ఫిన్లాండు దేశంలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. తర్వాత ఎన్నో దేశాలవాళ్లు చేయి కలిపారు. ఇళ్లకు పనికొచ్చే లినక్స్ మింట్, ఉబుంటు అలా వచ్చినవే. పైసా కట్టక్కర్లేదు. ఇది దొంగ కాపీ కాదు, చేసినవాళ్లే అందరికీ హక్కు ఇచ్చారు. మింట్‌కి 2 జి.బి. మెమరీ ఉన్నా చాలు, 4 ఉంటే హాయి. తెలుగు అక్షరాలూ వస్తాయి. కేరళ సర్కారు బడుల్లో పిల్లలు లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు.

అయితే అందరికీ ఇదే సరి అనడానికి లేదు. టాలీలో లెక్కలు రాసేవాళ్లకు, అను ఫాంట్లతో డి.టి.పి. చేసేవాళ్లకు విండోసే కావాలి. ఈ ఇంట్లో ఆ పని లేదు.

చీర కొనేముందు భుజాన వేసుకుని చూస్తాం. లినక్స్‌నీ అలాగే చూడొచ్చు. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, దాని నుంచే నడపాలి. లోపలి విండోస్‌ని ముట్టుకోదు. శబ్దం వస్తోందా, నెట్ అందుతోందా, ప్రింటర్ పలుకుతోందా చూసుకోవాలి. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేస్తే సరి. నచ్చితే లోపల ఎక్కించాలి. అప్పుడు పాతవి చెరిగిపోవచ్చు. ముందుగా ఫొటోలు, లెక్కలు వేరే పెన్‌డ్రైవ్‌లో దాచుకోవాలి. ఇది మరిచి ఏడ్చినవాళ్లు ఉన్నారు.

కూతురు రెండు రోజులు అలా నడిపి చూసింది. మూడోరోజు ఎక్కించింది. తల్లి దగ్గరికొచ్చి నిలబడింది.

"అదంతా సరేనే, నా సంఘం లెక్కలేవీ?"

కూతురు పెన్‌డ్రైవ్ పెట్టి, లిబ్రే ఆఫీసులో తెరిచింది. తల్లి కళ్లద్దాలు పెట్టుకుని, మొదటి వరస నుంచి ఒక్కో పేరూ చదవడం మొదలుపెట్టింది.