కొల్లేటి పిట్టకు కాపలా ఎవరు?

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నీళ్ల గురించి, భూముల గురించి, కొలువుల గురించి కొట్లాడిన మనుషులు కూర్చున్న సభలో పిట్టల గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. నవ్వితే నవ్వనివ్వండి. పిట్ట వాలే చోట నీళ్లుంటాయి. నీళ్లున్న చోట పెట్టుబడి కన్ను పడుతుంది. ఆ కన్ను పడ్డ చోట ఊరివాడు సొంత ఊళ్లోనే కూలివాడవుతాడు. కొల్లేరు కథ అంతా ఈ మూడు మాటల్లోనే ఉంది.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లపు నేల కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు అందులోకే దిగుతాయి. అరవైకి పైగా కాలువలు, డ్రెయిన్లు అక్కడికే చేరతాయి. నిండిన నీటిని ఉప్పుటేరు సముద్రానికి మోస్తుంది. తమ్మిలేరు ఖమ్మం వైపు నుంచి వచ్చి ఏలూరును ఒరుసుకుంటూ పోయే ఏరు. కాబట్టి కొల్లేరు మనది కాదు, మనకెందుకు అనకండి. వాగుకు జిల్లా తెలియదు, రాష్ట్రం తెలియదు. ఎగువన పడ్డ వానకు, పట్టణం వదిలిన మురుగుకు లెక్క చెప్పవలసింది చివరికి ఆ సరస్సే.

సరస్సు లోపల 46 బెడ్ గ్రామాలు, చుట్టూ 76 బెల్ట్ గ్రామాలు ఉన్నాయని లెక్క. తాటి దోనె మీద తిరిగి, వల వేసి, చేప పట్టి బతికిన జనం వాళ్లు. కొల్లేటికోట పెద్దింటి అమ్మవారికి మొక్కుకుని నీళ్లలోకి దిగినవాళ్లు. వాళ్లూ చేపే తిన్నారు, కొంగా చేపే తిన్నది. తరాల తరబడి ఆ ఇద్దరికీ తగువు రాలేదు. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు కొల్లేటి ప్రాంతంలో గూడబాతుల కాలనీని కనుగొన్నప్పుడు అక్కడ దాదాపు 3 వేల పక్షులు గూళ్లు కట్టుకుని ఉన్నాయి. 1975 నాటికి ఆ కాలనీ మాయమైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకో కథ మొదలైంది. జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉండగా పేద మత్స్యకారులకు మేలు చేస్తామని సహకార సంఘాలు పెట్టి చేపల చెరువులు ఇచ్చారు. ఉద్దేశం మంచిదే. కానీ చెరువు తవ్వాలంటే, పిల్ల చేప కొనాలంటే, మేత పోయాలంటే డబ్బు కావాలి. ఆ డబ్బు పేదవాడి దగ్గర లేదు. లీజు రూపంలో పెద్దలు దిగారు. కాగితం మీద సంఘం, గట్టు మీద మోతుబరి. సంఘంలో సభ్యుడైనవాడు అదే గట్టు మీద రాత్రి కాపలాకు కుదిరాడు.

ఇక పిట్ట సంగతి చూడండి. నత్తగుల్ల కొంగకు మోకాటి లోతు నీళ్లు కావాలి, నత్తలు కావాలి. ఎర్రకాళ్ల కొంగ నీళ్లలో నడుస్తూ ముక్కుతో వెతుక్కుంటుంది. చేపల చెరువు అలా ఉండదు. నాలుగు వైపులా నిటారు గట్టు, నడుమ లోతు నీరు. కాలు మోపే చోటు లేదు. దిగిన పిట్టను తోలడానికి టపాకాయలు, తాళ్లు. సరస్సు ఎండిపోయిందని ఎవరూ అనలేదు, నీళ్లు కంటికి కనిపిస్తూనే ఉన్నాయి. పిట్టకు మాత్రం ఆ నీళ్లు పనికిరాకుండా పోయాయి.

నష్టం పిట్టతో ఆగలేదు. గట్లు అడ్డం పడి నీరు ఉప్పుటేరుకు పోయే దారి ఇరుకైంది. వాన ఎక్కువైతే ఎగువన చేలు మునుగుతాయి. సరస్సులో నీరు తగ్గితే సముద్రపు ఉప్పునీరు ఉప్పుటేరు గుండా పైకి ఎక్కి వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఆ ఏటి పేరు ఊరూరా తెలిసింది. ఆ ఏరు చేరవలసిన చోటు కొల్లేరేనని ఎంతమందికి తోచిందో!

సర్కారు ఏం చేసింది? 1999లో అయిదో కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో 901 చదరపు కిలోమీటర్ల చిత్తడి నేల అంతర్జాతీయ రామ్సర్ జాబితాకెక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశంతో ‘ఆపరేషన్ కొల్లేరు’ అని చెరువుల గట్లు పేల్చారు, పొక్లెయిన్లతో తెంచారు. 2008లో అదే శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు, అంటే 135 చదరపు కిలోమీటర్లకు కుదించాలని తీర్మానం చేసింది. ఒక చేత్తో గట్టు తెంచడం, రెండో చేత్తో గీత చెరపడం! ఈ సందులో తెగిన గట్లు మళ్లీ లేచాయి.

గట్టు తెగిన రోజున పెట్టుబడి పెట్టినవాడు ఇంకో చోట చెరువు చూసుకున్నాడు. లంక గ్రామంలో కూలీకి పోయేవాడికి ఆ ఇంకో చోటు లేదు. వాడి కడుపు చూడకుండా పిట్టను కాపాడతామంటే వాడు పిట్టనే శత్రువనుకుంటాడు. తప్పు వాడిదా? అభయారణ్యం హద్దుల్లో జిరాయితీ భూములున్న చిన్న రైతు గోడూ అంతే. కోర్టు తీర్పు గట్టును పగలగొట్టగలదు కానీ పొయ్యి వెలిగించలేదు.

మరి పిట్టను ఎవరు కాపాడగలరు? ఊరు కాపాడగలదు. ఊరికే అంటున్న మాట కాదిది. గుంటూరు పక్కన ఉప్పలపాడుకు పోయి చూడండి. ఊరి చెరువును పిట్టలకు వదిలి జనం సర్దుకున్నారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల పక్క చెట్ల మీదే పిల్లల్ని లేపుతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగ వస్తే వాన వచ్చినట్టేనని సంబరపడతారు. అనంతపురం సీమలో వీరాపురం జనం కొంగల మీద చెయ్యి పడనివ్వరు. కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరులో పిట్టలు గూడు కట్టిన చెట్టు యజమానికి అటవీ శాఖ పరిహారం ఇస్తుంది. చింతకాయ పంట పోయిన రైతుకు అది న్యాయం. అక్కడి యువకులు ‘హెజ్జార్లె బళగ’ పేరుతో, అంటే గూడబాతుల బంధుబలగం పేరుతో, గూట్లోంచి జారిపడ్డ పిల్లల్ని పెంచి వదులుతున్నారు. పట్టణాల్లో సాధ్యమా అంటారా? హైదరాబాద్ అంచున అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందింది. ఆ గుర్తింపు వెనుక చెత్త ఎత్తినవాళ్ల చేతులున్నాయి.

కొల్లేట్లోనూ ఆశ చచ్చిపోలేదు. కైకలూరు దగ్గర ఆటపాకలో చెట్లు చాలకపోతే నీళ్లలో ఇనుప మంచెలు నిలబెట్టారు. వాటి మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతున్నాయి. వీటిని సైబీరియా నుంచి వచ్చిన చుట్టాలని మనవాళ్లు చెప్పుకుంటారు. అది పొరపాటు. చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చే బాతులు వేరే ఉన్నాయి. గూడబాతు మాత్రం ఈ దేశంలోనే పుట్టి, ఈ దేశంలోనే గూడు కట్టే పక్షి. అది అతిథి కాదు, స్థానికురాలు. అతిథికి మర్యాద చేస్తే సరిపోతుంది. స్థానికులకు ఉండేది హక్కు. ఆ తేడా మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

అయితే ఇనుప మంచె మీద ఉన్నది గూడే, తిండి కాదు. మంచె ఎక్కిన తల్లి పిల్ల నోట్లో చేప పెట్టాలంటే చుట్టూ తెరిపి నీళ్లుండాలి. ఒక్క ఆటపాకను అద్దాల పెట్టెలో పెట్టినట్టు కాపాడి, మిగతా సరస్సును గట్లకు వదిలేస్తే అది కాపాడటం కాదు.

అందుకే మనం అడగవలసినవి నాలుగున్నాయి. ఒకటి, అభయారణ్యం హద్దులు రాళ్లు పాతి చూపించాలి, ఊరి నడిబొడ్డున పటం వేలాడదీయాలి. రెండు, వల వేసి బతికే మత్స్యకారుడికి తెరిపి నీళ్లలో వేట హక్కు ఉండాలి, లీజుదారుకు కాదు. మూడు, జిరాయితీ రైతుకు పరిహారం ఇచ్చాకే కదలమనాలి. నాలుగు, కాపలా, పడవ, గైడు పనులు లంక గ్రామాల పిల్లలకే ఇవ్వాలి.

విద్యార్థి మిత్రులారా, ఒక ఆదివారం పుస్తకం, పెన్సిలు పట్టుకుని మీ ఊరి చెరువు గట్టు మీద కూర్చోండి. ఏ పిట్ట, ఎన్ని, ఏ నెలలో అని రాసిపెట్టండి. ఏటేటా రాసిన ఆ లెక్కే రేపు కోర్టులో సాక్ష్యం. ఉద్యోగ మిత్రులారా, ఫైలు ఏ బల్ల మీద ఆగుతుందో మీకంటే ఎరిగినవారు లేరు. 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. చెరువు ఎవరి పేరున ఉందో, లీజు ఎవరు తింటున్నారో అడిగే దరఖాస్తు జనానికి రాసి పెట్టండి.

పిట్టకు ఓటు లేదు, అర్జీ పెట్టుకోలేదు. చోటు నచ్చకపోతే చెప్పకుండా లేచిపోతుంది. 1975లో అలాగే పోయింది. లంక గ్రామం మనిషి కూడా అలాగే మూట కట్టుకుని పోకముందే మనం మాట్లాడాలి.