నూరేళ్ళకు పొరుగింటి గడప తొక్కిన రాణి



మన పల్లెల్లో చూస్తూనే ఉంటాం. గట్టు తగాదాతో రెండిళ్ళ మధ్య మాటలు పోతాయి. ఏళ్ళు గడుస్తాయి. తగాదా పడిన పెద్దలు కాలం చేస్తారు. పిల్లలకు అసలు గొడవ ఏమిటో కూడా సరిగా తెలియదు. అయినా ఈ ఇంటివారు ఆ గడప తొక్కరు. ఎప్పుడో ఒకరు ముందడుగు వేయాలి. వేసేవారికి, అవతలివారు తలుపు తీస్తారో తీయరో అన్న జంకు. తీసేవారికి, పోయిన మనవాళ్ళ ఆత్మ క్షోభిస్తుందేమో అన్న బాధ. దేశాల మధ్య కూడా సరిగ్గా ఇలాంటి సన్నివేశం ఒకటి జరిగింది. 2011 మే నెలలో బ్రిటిష్ రాణి రెండవ ఎలిజబెత్ ఐర్లాండు వెళ్ళిన ఉదంతాన్ని ఈనాటి ప్రసంగంలో మీకు మనవి చేస్తాను.

ముందుగా, దేశాధినేత అధికార పర్యటన అంటే ఏమిటో చెప్పుకుందాం. మంత్రులు వెళ్ళేది ఒప్పందాల కోసం. రాజులు, రాష్ట్రపతులు వెళ్ళేది మర్యాద కోసం. ఆతిథ్యమిచ్చే దేశాధినేత ఆహ్వానం పంపాలి. అతిథికి సైనిక వందనం, 21 తుపాకుల గౌరవం, అమరుల స్మారకం దగ్గర పుష్పగుచ్ఛం, రాత్రికి విందు, విందులో ఇద్దరి ప్రసంగాలు ఉంటాయి. ఇవన్నీ పైపై ముచ్చట్లని కొందరు కొట్టిపారేస్తారు. కాని ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరి సమాధి ముందు తల వంచారు, ఏ మాటతో మొదలుపెట్టారు అన్నదే అక్కడ అసలు భాష. బ్రిటన్‌లో రాణి ఇటువంటి పర్యటనకు వెళ్ళినా, విందులో మాట్లాడినా ప్రభుత్వ సలహా మీదనే. కనుక ఆ తల వంచడం ఒక వ్యక్తిది మాత్రమే కాదు, ఒక రాజ్యానిది.

ఐర్లాండు బ్రిటన్‌కు పక్కనే ఉన్న ద్వీపం. మధ్యలో ఒక సన్నని సముద్రం. శతాబ్దాల తరబడి బ్రిటిష్ పాలనలో ఉండి, 1916లో డబ్లిన్ నగరంలో తిరుగుబాటు చేసింది. ఆ తిరుగుబాటు నాయకులను బ్రిటిష్ వారు కాల్చి చంపారు. తరువాత స్వాతంత్ర్య యుద్ధం, ద్వీప విభజన. 1922లో దక్షిణ భాగం స్వతంత్ర రాజ్యమైంది. ఉత్తరాన ఆరు జిల్లాలు బ్రిటన్‌లోనే ఉండిపోయాయి. సుమారు 500 కిలోమీటర్ల సరిహద్దు గీత ఊళ్ళ మధ్యనుంచి, పొలాల మధ్యనుంచి పోయింది. సరిహద్దున బతికే మనకు ఆ మాటకు అర్థం వేరే చెప్పనక్కరలేదు. 1960ల చివర ఉత్తరాన మొదలైన హింస మూడు దశాబ్దాలు సాగి, మూడున్నర వేల మందిని బలిగొన్నది. 1998 ఏప్రిల్ ఒప్పందంతో గాని అది సద్దుమణగలేదు.

బ్రిటిష్ రాజు ఒకరు డబ్లిన్‌లో అడుగుపెట్టింది చివరిసారిగా 1911 జులైలో. ఆయన అయిదవ జార్జి. అదే సంవత్సరం డిసెంబరులో ఢిల్లీ దర్బారు జరిపించుకున్నది ఆయనే. అప్పుడు ఆయన రెండు చోట్లకూ ఏలికగానే వచ్చారు. నూరేళ్ళ తరువాత ఆయన మనుమరాలు డబ్లిన్‌కు వచ్చింది అతిథిగా. ఆహ్వానించిన అధ్యక్షురాలు మేరీ మెకలీస్ ఉత్తరాన బెల్ఫాస్టులో పుట్టి, ఆ హింస మధ్య పెరిగిన మనిషి.

2011 మే 17న రాణి విమానం దిగిన చోటు కేస్‌మెంట్ విమానాశ్రయం. 1916 ఆగస్టులో రాజద్రోహ నేరం కింద లండన్‌లో బ్రిటిష్ వారు ఉరితీసిన రోజర్ కేస్‌మెంట్ పేరది. రాణి ఆకుపచ్చని దుస్తులు ధరించి దిగారు. అది ఐర్లాండు వర్ణం. ఊరంతా మాత్రం పండగ వాతావరణం లేదు. వేలాది పోలీసులు, మూసిన వీధులు. రాకకు ముందే ఒక బస్సులో బాంబు దొరికింది. పైగా అదే తేదీన, 1974లో డబ్లిన్, మోనహన్ పట్టణాలలో బాంబులు పేలి 33 మంది చనిపోయారు. ఆ కుటుంబాల వారు నిజం చెప్పమని ఇంకా అడుగుతూనే ఉన్నారు. వారి వేదన న్యాయమైనది.

ఆ మధ్యాహ్నం రాణి స్మృతివనానికి వెళ్ళారు. ఐర్లాండు స్వాతంత్ర్యం కోసం ప్రాణాలిచ్చిన వారందరి కోసం 1966లో తెరిచిన తోట అది. ఆ ప్రాణాలిచ్చింది ఎవరి మీద పోరాడి? రాణి పూర్వీకుల సైన్యం మీద. అక్కడ ఆమె పుష్పగుచ్ఛం ఉంచి, వెనక్కు జరిగి, తల వంచారు. నాలుగు మాటలు కూడా లేవు. కాని ఎనభై అయిదేళ్ళ ఆ వృద్ధురాలు తల వంచిన ఆ క్షణాన్ని ఆ దేశంలో ఎందరో టెలివిజన్ ముందు ఊపిరి బిగబట్టి చూశారు.

మరునాడు క్రోక్ పార్క్ అనే క్రీడా మైదానానికి వెళ్ళారు. 1920 నవంబరు 21న ఉదయం ఐరిష్ విప్లవకారులు డబ్లిన్‌లో బ్రిటిష్ గూఢచారి అధికారులను చంపారు. మధ్యాహ్నం బ్రిటిష్ బలగాలు ఈ మైదానంలో బంతి ఆట చూస్తున్న జనం మీద కాల్పులు జరిపాయి. 14 మంది పోయారు. అందులో ఆడుతున్న ఆటగాడు ఒకడు. వింటుంటే మీకు అమృతసర్ గుర్తుకు వస్తోంది కదూ! జలియన్‌వాలా బాగ్ జరిగింది 1919 ఏప్రిల్‌లో. రెంటికీ మధ్య రెండేళ్ళు కూడా లేవు. 1997 అక్టోబరులో ఇదే రాణి జలియన్‌వాలా బాగ్‌కు వచ్చి, చెప్పులు విడిచి, పుష్పగుచ్ఛం ఉంచి మౌనంగా నిలబడ్డారు. క్షమాపణ చెప్పలేదు. డబ్లిన్‌లోనూ చెప్పలేదు. ఈ లోటు లోటే. దాన్ని మర్యాదల మాటున దాచనక్కరలేదు.

18వ తేదీ రాత్రి డబ్లిన్ కోటలో విందు. 1922 జనవరి దాకా బ్రిటిష్ అధికారం కొలువు తీరింది ఆ కోటలోనే. రాణి ప్రసంగానికి లేచారు. మొదటి మాటలు ఇంగ్లీషు కాదు. ‘అధ్యక్షురాలా, మిత్రులారా’ అని అయిదు మాటలు ఐరిష్ భాషలో అన్నారు. పక్కనే ఉన్న అధ్యక్షురాలు ఆశ్చర్యం ఆపుకోలేక అటూ ఇటూ చూస్తూ ‘వావ్’ అనడం టెలివిజన్‌లో అందరికీ కనిపించింది. సభ చప్పట్లతో మారుమోగింది.

అయిదు మాటలకు అంత సంబరమా అనవచ్చు. బ్రిటిష్ పాలన కాలంలోనే ఆ భాష క్షీణించి, బడుల నుంచి, కచేరీల నుంచి వెనక్కు పోయి పల్లెలకు పరిమితమైంది. ఈనాటికీ రాజ్యాంగంలో అది మొదటి అధికార భాషే అయినా, చాలామంది ఇంట్లో మాట్లాడుకునేది ఇంగ్లీషే. ఏ రాజ్యపు నీడలో ఆ భాష వాడిపోయిందో, ఆ రాజ్యపు రాణి నోట ఆ భాష వినబడింది. ఆ తరువాత ఆమె, గతాన్ని వెనుదిరిగి చూస్తే వేరే విధంగా చేసి ఉండవలసినవి, అసలు చేయకుండా ఉండవలసినవి కూడా ఉన్నాయన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. ఆమె ఇంటికీ ఆ గాయం తగిలింది. మన దేశపు చివరి వైస్రాయి మౌంట్‌బాటెన్ ఆమె భర్తకు మేనమామ. 1979 ఆగస్టులో ఐర్లాండు తీరాన ఆయన పడవలో బాంబు పేల్చి చంపారు.

ఇక్కడ మన తెలుగువారి ప్రసక్తి ఒకటుంది. బరంపురం శ్రోతలు చెవి ఒగ్గి వినాలి. 1894లో బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి, న్యాయశాస్త్రం చదవడానికి 1913లో వెళ్ళింది డబ్లిన్‌కే. ఆయన చదివిన విశ్వవిద్యాలయ కళాశాలలో ఇంగ్లీషు బోధించిన థామస్ మెక్‌డోనా, 1916 తిరుగుబాటు ప్రకటన మీద సంతకం చేసి ప్రాణమిచ్చిన వారిలో ఒకరు. ఐరిష్ జాతీయవాదులతో సంబంధాల కారణంగా గిరిగారు ఆ ఏడే దేశం విడిచి రావలసి వచ్చింది. ఆ యువకుడే 1969లో మనకు రాష్ట్రపతి అయ్యారు.

పర్యటన ఫలితమేమిటి? 2012 జూన్‌లో రాణి బెల్ఫాస్టులో, ఒకప్పుడు సాయుధ విప్లవదళ నాయకుడైన మార్టిన్ మెగిన్నెస్‌తో చేయి కలిపారు. 2014 ఏప్రిల్‌లో ఐరిష్ అధ్యక్షుడు మైకేల్ హిగ్గిన్స్ బ్రిటన్‌కు వెళ్ళారు. ఐరిష్ అధ్యక్షుడు అధికార పర్యటనగా అక్కడికి వెళ్ళడం అదే మొదలు. వెళ్ళిన ఇంటివారు తిరిగి రావడమే కదా సంబంధం నిలిచిందనడానికి గుర్తు! రాణి 2022 సెప్టెంబరులో కన్నుమూశారు. ఆ అయిదు మాటలు మాత్రం అక్కడివారు ఇంకా తలుచుకుంటారు.

శ్రోతలారా, మనకు రాజులూ లేరు, తుపాకుల వందనాలూ లేవు. కాని సరిహద్దు మన వాకిట్లోనే ఉంది. కోలారులో ‘చెన్నాగిద్దీరా’ అనీ, హోసూరులో ‘సౌఖ్యమా’ అనీ, బరంపురంలో ‘భల అఛంతి కి’ అనీ మన పెద్దలు పొరుగువారిని పలకరిస్తూ వచ్చారు. అలా పలకరించినందువల్ల వారి తెలుగు తరిగిపోలేదు. తిరిగి పొరుగువారు ‘బాగున్నారా’ అని అడిగినప్పుడు మన ముఖం ఎలా వికసిస్తుందో మనకు తెలుసు. మన పిల్లలకు మన భాష నేర్పుదాం. దానితోపాటు పక్కింటివారి భాషలో ఒక అయిదు మాటలైనా నేర్పుదాం. ఏ గడప ముందు ఎప్పుడు అవసరం పడతాయో చెప్పలేం.