పల్లె తెలివికి ఆసరా



కొడిమ్యాల చుట్టుపట్ల సేద్యం ఎట్లాంటిదో మీకు నేను వేరే చెప్పనక్కర లేదు. ఒకవంక గుట్టలు, అడవి. వాటిని ఆనుకొనే చెల్కలు, చెరువు కింద వరి మళ్లు. పగలు కోతులు మక్క కంకి మీద పడతవి, రాత్రి అడవిపంది చేను తొక్కుతుంది. ఇటువంటి చోట రైతు చేతులు కట్టుకొని కూర్చుంటాడా? కూర్చోడు. ఒకాయన గాలికి తిరిగి చప్పుడు చేసే డబ్బా కడతాడు. ఇంకొకాయన పాత సైకిలు చక్రంతో కలుపు తీసే పనిముట్టు చేసుకుంటాడు. ఇంట్లో ఆడవాళ్లు విత్తనానికి పురుగు పట్టకుండా బూడిదా, వేపాకూ ఎంత కలపవలెనో చేతి అంచనాతోనే చెప్పగలరు.

ఈ తెలివంతా చివరకు ఎక్కడికి పోతున్నది? చాలావరకు ఆ చేని గట్టు దగ్గరే ఆగిపోతున్నది. ఆ మనిషి కాలం చేస్తే దానితోనే పోతున్నది. ఈ నష్టాన్ని ఆపడానికి ధర్మసంస్థలు ఏమి చేయగలవో ఇవాళ ముచ్చటించుకుందాం.

ధర్మసంస్థ అనగానే మనకు సత్రమో, చలివేంద్రమో గుర్తుకు వస్తుంది. అవి మంచి పనులే. కాని కొత్త ఆలోచనకు పెట్టుబడి పెట్టడం కూడా ధర్మమే. ఒక ఉదాహరణ చూడండి. 1960లో ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ అనే రెండు అమెరికా ధర్మసంస్థలు ఫిలిప్పీన్స్ ప్రభుత్వంతో కలిసి అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థను నెలకొల్పినవి. అక్కడినుంచి 1966లో ఐ.ఆర్. 8 అనే పొట్టి వరి వచ్చింది. మరుసటి సంవత్సరమే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దానిని పండించి చూపించినారు. మన పొలాస పరిశోధనా స్థానం నుంచి జగిత్యాల సన్నాలు వంటి రకాలు రావడం మీరు ఎరిగినదే. ఇది పరిశోధనాలయం నుంచి పొలానికి వచ్చే దారి.

మరి పొలం నుంచి పైకి పోయే దారి ఉన్నదా? ఉన్నది. అది ఆలస్యంగా పడ్డ దారి.

అహమదాబాదులో ఆచార్య అనిల్ గుప్తా గారు 1980ల చివరలో ‘హనీబీ’, అనగా తేనెటీగ, అనే పేరుతో ఒక కూటమిని మొదలుపెట్టినారు. ఆ పేరులోనే దాని నీతి ఉన్నది. తేనెటీగ పువ్వు నుంచి తేనె తీసుకుంటుంది, కాని పువ్వును పేదను చేయదు. పైగా ఒక పువ్వు పుప్పొడిని మరొక పువ్వుకు చేరుస్తుంది. అట్లాగే రైతు దగ్గర నేర్చుకున్న విషయం అతని పేరుతోనే చెప్పవలెను. అతని భాషలోనే తిరిగి అందరికీ చెప్పవలెను. లాభం వస్తే అతనికి వాటా ఉండవలెను. ఈ పనికి ఊతంగా 1993లో ‘సృష్టి’ అనే సంస్థ ఏర్పడింది. 2000లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మూలధనంతో జాతీయ ఆవిష్కరణల సంస్థ, అదే నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్, వచ్చింది. మన వైపు విశ్రాంత బ్రిగేడియర్ పోగుల గణేశం గారు 2005లో ‘పల్లె సృజన’ను ఆరంభించినారు. వీరు ఊరూరా కాలినడకన తిరిగి, కొత్తగా ఏదైనా చేసినవారెవరని అడిగి తెలుసుకుంటారు. ఆ నడకకు శోధయాత్ర అని పేరు.

ఇటువంటి ఆసరా ఎందుకు కావలెనో చింతకింది మల్లేశం గారి కథ చెబుతుంది. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబం ఆయనది. ఆరో తరగతితో చదువు ఆగింది. చీరె నేసేముందు నూలును ఆసు పోయవలెను. ఒక్క చీరెకు చెయ్యి సుమారు 9000 సార్లు అటూ ఇటూ కదలవలెను. తల్లి లక్ష్మమ్మ గారి భుజాల నొప్పి చూడలేక ఆయన 1992లో యంత్రం చేయ పూనుకున్నారు. అది పూర్తి అయింది 1999లో. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టినారు. 2017లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

పద్మశ్రీ మాట సరే, ఆ నడుమ ఏడేండ్లను గురించి ఆలోచించండి. ఇనుప సామానుకు డబ్బు కావలెను. పని పోగొట్టుకొని ప్రయోగం చేస్తుంటే ఇంట్లో పొయ్యి వెలగవలెను. ఇరుగుపొరుగు నవ్వితే ఓర్చుకోవలెను. మల్లేశం గారు నిలబడ్డారు. నిలబడలేక మధ్యలో వదిలేసినవారు ఎంతమందో మనకు లెక్క తెలియదు. ఆ ఏడేండ్లను రెండేండ్లకు తగ్గించడమే ఇటువంటి సంస్థ చేయవలసిన అసలు పని. బహుమానం ఆ తరువాతి మాట.

అందుకోసం వారు ఏమి చేస్తారంటే: మీ పనిముట్టు నిజంగా కొత్తదా అని వెతికి చూస్తారు, పరీక్ష చేయిస్తారు, మెరుగుపరచడానికి ఇంజనీర్లను కలుపుతారు, తగినదైతే మీ పేరుతోనే పేటెంటుకు దరఖాస్తు పెట్టడానికి సాయపడతారు. 2003లో జాతీయ సంస్థ చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు తోడ్పాటుతో ఒక సూక్ష్మ పెట్టుబడి నిధిని కూడా ఏర్పాటు చేసింది.

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. “పేటెంటు అంటే పక్కవాణ్ణి చేసుకోవద్దనడమే గదా? అది ఊరికి మేలెట్లా అవుతుంది?” మంచి ప్రశ్న. తేనెటీగ కూటమి వారి మార్గం ఇది: పక్క రైతు తన అవసరానికి చేసుకోవచ్చు, ఇంకా బాగు చేయవచ్చు. కాని కంపెనీ వారు తయారుచేసి అమ్మదలిస్తే అనుమతి తీసుకొని ప్రతిఫలం ఇవ్వవలెను. తోటి పేదవాడికి తలుపు తెరిచి ఉంటుంది, వ్యాపారికి మాత్రం తాళం చెవి కావలెను.

ఒక తేడా గుర్తుంచుకోండి. యంత్రానికి, పనిముట్టుకు పేటెంటు దొరకవచ్చు. సేద్యపు పద్ధతికి మన చట్టంలో పేటెంటు లేదు. దానిని రాసి పదిమందికి పంచడమే దారి. విత్తనానికీ పేటెంటు లేదు, కాని 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కింద రైతు తాను పెంచుకొచ్చిన రకాన్ని తన పేరున నమోదు చేయించుకోవచ్చు.

కాబట్టి మీ దగ్గర ఏదైనా కొత్త ఉపాయం ఉంటే ఈ నాలుగు పనులు చేయండి.

మొదటిది, తెలుగులోనే ఒక నోటుబుక్కులో రాయండి. తేదీ వేయండి, బొమ్మ గీయండి. రెండవది, ఒక మడిలో మీ ఉపాయం, పక్క మడిలో పాత పద్ధతి పెట్టి, ఖర్చూ దిగుబడీ ఒక పంటకాలం లెక్కకట్టండి. మూడవది, పెద్దలనుంచి వచ్చిన విద్య అయితే వారి పేరు చెప్పండి. ఊరి సొత్తును మన సొత్తు అనకూడదు. నాల్గవది, యంత్రమైతే సలహా తీసుకొనే ముందే ప్రదర్శనలోనో పత్రికలోనో వివరాలన్నీ బయటపెట్టకండి. ముందే లోకానికి తెలిసిపోయినదానికి పేటెంటు రావడం కష్టం.

అన్ని ఉపాయాలూ పరీక్షలో నెగ్గవు. పది చూస్తే ఒకటి నిలిచినా మేలే. కూలి దొరకని రోజుల్లో ఒక చిన్న పనిముట్టు ఇంటి ఆడపడుచు నడుము నొప్పి తగ్గించిందంటే, అది ధాన్యం రాశికి తక్కువ లాభం కాదు.

ఈ యాసంగిలో మీ గట్టు మీదనో, పక్కవాళ్ల కొట్టంలోనో అట్లాంటి వస్తువు కనిపిస్తే నవ్వి వదలకండి. “ఇదెట్లా చేసినవే తమ్మీ?” అని అడగండి. ఆ ఒక్క మాటతోనే ఆసరా మొదలవుతుంది.