అప్పు లేకుండా రెండు రోజుల పట్నం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



ప్రతి ఏడాది ఈ సభలో మేము బ్యాంకు లింకేజీ గురించి, స్త్రీనిధి గురించి, బర్రెలు కొన్న సంగతి, కుట్టు మిషన్లు తెచ్చుకున్న సంగతి చెప్తుంటాం. ఈసారి మా సంఘం హైదరాబాద్ పోయి వచ్చిన సంగతి చెప్పమన్నారు. మొదట మాకే సిగ్గనిపించింది. తిరిగి వచ్చిన ముచ్చట మహాసభలో చెప్పుడేందని అనుకున్నాం. కానీ దీంట్లో కూడా పొదుపు ఉంది, తీర్మానం ఉంది, ఒక పెద్ద కొట్లాట కూడా ఉంది. అందుకే చెప్తున్నాం.

మా సంఘంలో 12 మంది సభ్యులం. నల్గొండ పక్క పల్లె మాది. పట్నం మాకు వంద కిలోమీటర్ల దూరం. ఒకరోజు సమావేశంలో కిస్తులు కట్టుడు అయినంక మాటల్లో ఒక ప్రశ్న వచ్చింది. "దవాఖానకు, పెళ్ళికి, చావుకు కాకుండ ఎవరన్న పట్నం పోయినరా?" అని. ఒక్కరు కూడా పోయినమని అనలేదు. మా సంఘంలో పెద్దామెకు అరవై దాటినయి. ఆమె భర్తకు బాగ లేనప్పుడు అఫ్జల్‌గంజ్ దగ్గర పెద్ద దవాఖానలో 22 రోజులు ఉన్నది. దవాఖాన గేటు తెలుసు, ఎదురుంగ చాయ దుకాణం తెలుసు, మూసీ వాసన తెలుసు. అక్కడికి దగ్గరలోనే ఉన్న చార్మినార్ మాత్రం చూడలేదు. "అప్పుడు చార్మినార్ చూసే మనసు ఎవరికున్నది బిడ్డా" అన్నది. ఆ మాట తర్వాత అందరం పోవాలని అనుకున్నాం.

పోవాలంటే పైసలు కావాలి. ఒకరు, "సంఘం ఖాతాలో ఉన్నయి కదా, తీసుకుందాం, తర్వాత కట్టుకుందాం" అన్నారు. ఇంకొకరు, "అప్పు రాసుకుందాం" అన్నారు. దీని మీద రెండు సమావేశాలు గడిచినయి. చివరికి ఇలా తీర్మానం రాసుకున్నాం: సంఘం నిధి ముట్టొద్దు. తిరుగుడు కోసం అప్పు చెయ్యొద్దు. పోవాలనుకున్నవాళ్ళు వారానికి 20 రూపాయలు వేరేగా వెయ్యాలి. ఆ లెక్క వేరే నోటుబుక్కులో ఉండాలి. డబ్బా ఒకరి ఇంట్లో, తాళంచెవి ఇంకొకరి ఇంట్లో ఉండాలి. పది మంది పేర్లు ఇచ్చారు. ఒక చెల్లె బిడ్డ కాన్పు ఉండి రానన్నది. ఇంకొక చెల్లె ఇంట్లో ఒప్పుకోలేదు.

ముప్పై వారాలు అయినంక డబ్బాలో 6,000 జమ అయినయి. అప్పుడు కొట్లాట వచ్చింది. మాలో ఒక చెల్లె కొడుక్కు కాలేజీ ఫీజు కట్టాలి. 5,000 తక్కువ పడ్డయి. డబ్బాలో నుంచి ఇయ్యమన్నది. "పట్నం చూస్తే కడుపు నిండుతదా? పిల్లగాని చదువు కంటే మీకు చార్మినార్ ఎక్కువైందా?" అని ఏడ్చింది. సగం మంది ఇద్దామన్నారు. సగం మంది వద్దన్నారు. పెద్దామె మాత్రం ఏం మాట్లాడలేదు, నోటుబుక్కు చూసుకుంటూ కూర్చున్నది.

మేము ఆ రోజు రాత్రి తొమ్మిది దాక కూర్చున్నాం. చివరికి తేలింది ఏమంటే, ఫీజు నిజమైన అవసరమే. దానికి సంఘంలో అంతర్గత అప్పు ఉండనే ఉంది. అందరికీ ఎట్ల ఇస్తున్నమో ఆ చెల్లెకు కూడ అట్లనే అప్పు ఇచ్చినం, అదే మిత్తి, అదే కిస్తులు. డబ్బాలో ఆమె వేసిన 600 ఆమెవి, కావాలంటే అప్పటికప్పుడు తీసుకోవచ్చు. మిగతా తొమ్మిది మంది వేసినవి మాత్రం ఒక్కరి అవసరానికి ఇయ్యలేం. ఆ చెల్లె తన 600 తీసుకోలేదు. ఫీజు కట్టింది. తర్వాత మాతోపాటు పట్నం కూడ వచ్చింది. అప్పు కిస్తులు కూడ తప్పకుండ కట్టింది.

45 వారాలకు పది మందివి కలిపి 9,000 అయినయి. మనిషికి 900. దీంట్లోనే రెండు రోజులు, ఒక రాత్రి గడవాలి. అందులో 1,000 రూపాయలు ఆపదకు అని పక్కన పెట్టినం. మిగిలింది 8,000. దాని మీదనే ప్లాను వేసుకున్నాం.

మొదట బస్సు చూసుకున్నాం. 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, హైదరాబాద్‌లో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సుల్లో చార్జీ లేదు. జీరో టికెట్ ఇస్తారు. డీలక్స్, సూపర్ లగ్జరీలకు పైసలు కట్టాలి. ఇది తెలుసని మనం అనుకుంటాం కానీ ఆధార్ కార్డులో తెలంగాణ అడ్రస్ ఉండాలి. అందరి కార్డులు ముందుపెట్టుకొని చూస్తే ఒక చెల్లె కార్డులో తల్లిగారి ఊరు, గుంటూరు దిక్కుది ఉన్నది. పెళ్ళయి పదేండ్లయినా మార్చుకోలేదు. రెండు నెలల ముందే చూసుకున్నం కాబట్టి ఆధార్ సెంటర్‌కు పోయి మార్పించినం.

తర్వాత వారం చూసుకున్నాం. మొదట శుక్రవారం, శనివారం పోదామనుకున్నాం. మాలో ఒకరి బిడ్డ ఇంటర్ చదువుతుంది. ఆ పిల్ల ఫోన్‌లో చూసి, "శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం బంద్ ఉంటది, సోమవారం జూ బంద్ ఉంటది" అని చెప్పింది. ఆదివారం అయితే ఎక్కడ చూసినా జనమే. అందుకే మంగళవారం, బుధవారం పెట్టుకున్నాం. అన్నీ చూద్దామంటే ఏదీ సరిగ చూడం అని నాలుగు జాగలే రాసుకున్నాం. జూ తీసేసినం. అది ఒక్కటే ఒక పూట పడుతది.

ఇంటి పని ఎవరు చూడాలనేది పెద్ద ప్రశ్న. రాని ఇద్దరు చెల్లెళ్ళు మా నాలుగు ఇండ్ల బర్రెల పాలు, చిన్న పిల్లల తిండి చూస్తమన్నారు. ప్రతి ఇంట్లో ఒక కాయితం ఇచ్చినం. ఎక్కడ ఉంటం, ఎన్ని గంటలకు వస్తం, ఎవరి నంబర్లకు ఫోన్ చెయ్యాలి అని. "ఆడోళ్ళు ఒక్కరే పట్నం పోవుడేంది" అన్న మగవాళ్ళు ఆ కాయితం చూసినంక కొంచెం తగ్గారు.

మంగళవారం తెల్లారక ముందే బయలుదేరి నల్గొండలో ఎక్స్‌ప్రెస్ ఎక్కినం. పది గంటలకు ఎంజీబీఎస్‌లో దిగినం. అక్కడి నుంచి ఆటోల్లో కాచిగూడ దిక్కు ముందుగా ఫోన్‌లో మాట్లాడుకున్న లాడ్జికి పోయినం. రూముకు 900 అన్నవాళ్ళు, పది మంది ఆడవాళ్ళను చూసి 1,200 అన్నారు. ఫోన్‌లో ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంత చెప్పారో మా నోటుబుక్కులో రాసి ఉన్నది. చూపించినా వినలేదు. మేము బతిమాలలేదు. రెండో లాడ్జి నంబర్ కూడ రాసుకొని పోయినం. ఫోన్ చేస్తే 900కే ఇచ్చారు. మూడు రూములు తీసుకున్నాం. ఒక్క నంబర్ పట్టుకొనే పోయి ఉంటే ఆ పూటంత రోడ్డు మీదనే గడిచేది.

సాలార్‌జంగ్ మ్యూజియంలో పెద్ద గడియారం ఉన్నది. గంట కొట్టే టైముకు ఒక చిన్న బొమ్మ తలుపు తీసుకొని వచ్చి గంట కొట్టిపోతుంది. మేము పన్నెండు గంటలకు అక్కడ కూర్చున్నాం. పన్నెండు సార్లు కొట్టింది. చిన్నపిల్లల లెక్క అందరం లెక్కపెట్టినం. ముసుగు వేసుకున్న రెబెకా అనే పాలరాతి బొమ్మను చూసి మాలో కుట్టుపని చేసే చెల్లె చాలాసేపు కదలలేదు. రాయి మీద అంత పల్చటి బట్ట ఎట్ల చెక్కినరో అని. మధ్యాహ్నం ఇంటి నుంచి కట్టుకుపోయిన రొట్టెలు, పులిహోర తిన్నం.

అక్కడి నుంచి నడుచుకుంటూ చార్మినార్ పోయినం. 1591లో కట్టింది. పైకి ఎక్కలేదు, కింద నుంచే చూసినం. పెద్దామె చాలాసేపు నిలబడి చూసింది. "ఇంత దగ్గరుండెనా" అన్నది. అంతే, ఇంకేం అనలేదు. మేము కూడ ఏం అడగలేదు.

లాడ్ బజార్‌లో గాజులు కొనుక్కున్నాం. గాజులు ఎవరి పైసలతో వాళ్ళు కొనాలని ముందే రాసుకున్నం. ఊర్లో మా పనులు చూసిన ఇద్దరు చెల్లెళ్ళకు మాత్రం తలా ఇంత వేసుకొని గాజులు తీసుకున్నాం.

సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద కూర్చున్నాం. హుస్సేన్‌సాగర్ నడుమ ఉన్న బుద్ధుని రాయి భువనగిరి దగ్గర రాయగిరిది. అప్పుడు అది మన నల్గొండ జిల్లానే. 1990లో తీసుకుపోతుంటే పడవ మునిగి మనుషులు చనిపోయారు. విగ్రహం రెండేండ్లకు పైనే నీళ్ళలో ఉన్నది. 1992లో తీసి నిలబెట్టారు. మన దిక్కు రాయి అని తెలిసినంక మాకు ఇంకో తీరుగ కనిపించింది.

రెండో రోజు పొద్దుగాల కోఠిలో ఒక తప్పు జరిగింది. బస్సు రాంగనే ఎనిమిది మందిమి ఎక్కినం. ఇద్దరు కింద ఉండిపోయారు, అందులో పెద్దామె ఒకరు. కానీ మేము ముందే జోడీలు పెట్టుకున్నాం. ఎవరూ ఒంటరిగ ఉండొద్దు, తప్పిపోతే ఉన్న జాగ నుంచి కదలొద్దు అని. పై స్టాప్‌లో దిగి వెనక్కి వస్తే ఇద్దరూ అక్కడనే నిలబడి ఉన్నారు.

గోల్కొండలో కింది దర్వాజ దగ్గర చప్పట్లు కొడితే పైన కొండ మీద వినిపిస్తది. సగం మందిమి పైకి పోయి విన్నం. రామదాసు బందిఖానా కూడ చూసినం. భద్రాచలం గుడి కోసం సర్కారు శిస్తు పైసలు వాడినందుకు ఆయనను తానీషా అక్కడ పెట్టించిండని చెప్తారు. అప్పుడు ఫీజు కోసం ఏడ్చిన చెల్లెనే నవ్వుకుంట అన్నది: "గుడి కట్టినా సరే, లెక్క లెక్కనే. మనం డబ్బా ముట్టకపోవుడే మంచిగైంది." అందరం నవ్వినం. ఆ నవ్వుతోనే మా కొట్లాట పూర్తిగ పోయింది.

తర్వాత బిర్లా మందిరం పోయినం. మధ్యాహ్నం గుడి మూస్తారు కాబట్టి మూడు దాటినంక పోయేటట్టు పెట్టుకున్నాం. ఫోన్లు లోపలికి రానియ్యరు, బయట అప్పజెప్పాలి. అక్కడి నుంచి మెట్రో రైలులో ఎంజీబీఎస్‌కు వచ్చినం. మెట్రోల జీరో టికెట్ నడవదు, పైసలు కట్టాలి. అయినా ఒక్కసారి ఎక్కాలని అందరికీ ఆశ. రాత్రికి ఊరు చేరుకున్నాం.

లెక్క చెప్తాం. బస్సులకు ఏం కాలేదు. రూములకు 2,700. భోజనాలు, టిఫిన్లు, చాయలు కలిపి 3,150. మ్యూజియం, గోల్కొండ టికెట్లు 750. ఆటోలు, మెట్రో 1,100. మొత్తం 7,700. ఆపదకు పెట్టిన 1,000 ముట్టలేదు. మొత్తం 1,300 మిగిలినయి. తర్వాతి సమావేశంలో తలా 130 తిరిగి ఇచ్చి, సంతకాలు తీసుకొని ఆ నోటుబుక్కు మూసినం.

అక్కలారా, మనం ఇన్నేండ్ల నుంచి పంచసూత్రాలు చదువుతున్నాం. సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి కట్టుడు, పుస్తకాలు రాసుడు. పట్నం పోవడానికి మాకు కొత్త విద్య ఏదీ అవసరం పడలేదు, ఇవే అక్కరకు వచ్చినయి. మీ సంఘాలు కూడ పోవాలనుకుంటే మేము చెప్పేది ఇంతే. సంఘం నిధి ముట్టకండి. అప్పు చేసి పోకండి. ఏడాది ముందు నుంచి చిన్న చిన్నగా వెయ్యండి. ఏ జాగ ఏ రోజు బంద్ ఉంటదో తెలుసుకోండి. ఆధార్ కార్డు ముందే చూసుకోండి. రెండు లాడ్జిల నంబర్లు పెట్టుకోండి. జోడీలుగా నడవండి.

ఇది దండగ ఖర్చు అని ఇప్పటికీ కొందరు అంటున్నారు. ఏడాది మొత్తంలో వారానికి 20 రూపాయలు మన కోసం మనం పెట్టుకుంటే దండగ కాదని మా సంఘం అనుకుంటుంది. మొన్న ఇంట్లో ఒప్పుకోని చెల్లె వచ్చి, వచ్చే ఏడాదికి తన పేరు రాసుకొమ్మన్నది. మొదటి 20 రూపాయలు కూడ ఇచ్చింది. కొత్త నోటుబుక్కులో మొదటి పేరు ఆమెదే.