పట్నం నీళ్లకు లెక్క కావాలె
(ఎర్రగడ్డలో చేసిన ప్రసంగ పాఠం)



నీళ్లు, నిధులు, నియామకాలని కొట్లాడినోళ్లం మనం. నదుల నీళ్లల్ల మన వాటా ఎంతని టీఎంసీల లెక్క అడిగినోళ్లం. మరి ఎర్రగడ్డ నల్లాల వచ్చే నీళ్లకు లెక్క ఎవరు అడగాలె?

1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) ఈ పట్నం దూప తీర్చినయి. అవి సాలక 1965ల మంజీర నీళ్లు తెచ్చిండ్రు, తర్వాత సింగూరు నీళ్లు తెచ్చిండ్రు. సింగూరు పట్నానికి మళ్లితే కింద ఘనపురం ఆయకట్టు రైతు కాల్వ దిక్కు చూసుకుంట కూసున్నడు. 2004 నుంచి 2015 దాక మూడు దశలల్ల కృష్ణ వచ్చింది. దశకు 90 చొప్పున రోజుకు 270 మిలియన్ గ్యాలన్లు, అంటే సుమారు 122 కోట్ల లీటర్లు. ఎనుక ఎల్లంపల్లి నుంచి గోదావరి వచ్చింది. ఇట్ల నది మీద నది తెస్తున్నం. తెచ్చినదాంట్ల ఇంటికి చేరేది ఎంత?

ఈ లెక్కకు పెద్ద సదువు అక్కర లేదు. నది కాడ పైపుల ఎక్కినయి ఒక మీటరు చెప్పాలె. రిజర్వాయరు నుంచి బస్తీకి ఇడిచినయి ఇంకో మీటరు చెప్పాలె. ఇండ్ల మీటర్లన్నీ కలిపితే మూడో అంకె. నడుమ తేడాకు అధికారుల భాషల ‘ఆదాయం రాని నీరు’ అని పేరు. పగిలిన పైపు, దొంగ కనెక్షన్, తిరగని మీటరు, పేదలకు ఉత్తగ ఇచ్చిన నీళ్లు అన్నీ ఒక్క గంపల ఏస్తరు. ఆఖరికి నింద పడేది బస్తీ మీద. ఇగ బంగళాల బోరు నీళ్లు, ప్రైవేటు ట్యాంకర్ల నీళ్లు ఈ గంపలకే రావు.

2021 జనవరిల ఇంటికి నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీళ్ల పథకం మొదలైంది. ఐదుగురుంటే మనిషికి రోజుకు 133 లీటర్లు. పెద్ద నగరాలకు పెట్టిన 135 లీటర్ల ప్రమాణానికి దగ్గర్నే ఉన్నది. బస్తీ ఇండ్లకు మీటరు షరతు పెట్టలేదు, మంచిదే. కానీ కొలతే లేకుంటే సగం నీళ్లిచ్చి నిండుగ ఇచ్చినమని కాయితం రాస్తే కాదనేదెట్ల?

అందుకే అడుగుదాం. ప్రతి బస్తీ మొదట్ల జలమండలి తన ఖర్చుతోని ఒక మీటరు పెట్టాలె. పేదల ఇంటి మీద భారం పడొద్దు. ఎన్ని నీళ్లు వచ్చినయో నెలనెలా బస్తీల బోర్డు మీద రాయాలె. విద్యార్థులు 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు పెట్టుండ్రి. ఉద్యోగ మిత్రులు అంకెలు దాయకుండ్రి. ఉన్న నీళ్లకు లెక్క చూపినంకనే ఇంకో ఊరి నీళ్లు అడగాలె.